ఆ మూడు మిల్లీమీటర్లు

ప్రశ్నలు – జవాబులు

ఇంట్లో బల్ల మీద చిన్న పట్టాలు పరుచుకుని, ఇంజన్లు, బోగీలు, స్టేషన్లు కొలత ప్రకారం తయారుచేసుకునేవాళ్ళు జహీరాబాద్ వైపు నుంచి కొన్ని ఉత్తరాలు రాశారు. వాళ్ళ ఇంటివాళ్ళూ రాశారు. ఈసారి శీర్షిక మొత్తం వాళ్ళకే. రాసినవాళ్ళు కోరినందున పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మాది మొగుడంపల్లి. వయసు 27. జహీరాబాద్‌లో ఫ్యాక్టరీలో షిఫ్టు పని. మా ఊరికి రైలు రాదు. చిన్నప్పుడు నాన్న బీదర్ తీసుకెళ్ళాలంటే జహీరాబాద్ స్టేషన్‌లోనే రైలెక్కేవాళ్ళం. అప్పటి నుంచి రైలంటే ప్రాణం. రెండేళ్ళుగా జీతంలో మిగిల్చి ఒక ఇంజన్, నాలుగు బోగీలు, కొన్ని పట్టాలు కొనుక్కున్నాను. ఇంటికొచ్చిన చుట్టాలు "పెళ్ళీడొచ్చినా బొమ్మ రైలు వదల్లేదు" అని నవ్వుతున్నారు. అంతకన్నా బాధేమిటంటే, దీని గురించి మాట్లాడుకోవడానికి ఒక్క దోస్తు లేడు.

జవాబు: తమ్ముడూ, ముందు నవ్వేవాళ్ళ సంగతి. సికింద్రాబాద్ పక్కన మౌలాలిలో ఉన్నటువంటి రైల్వే శిక్షణ సంస్థల్లో మోడల్ రూమ్ అని ఒక గది ఉంటుంది. బల్లల మీద చిన్న పట్టాలు, చిన్న సిగ్నళ్ళు, ఒక స్టేషన్ నుంచి పక్క స్టేషన్‌కు లైన్ క్లియర్ అడిగే పరికరాలు. కొత్తగా చేరిన స్టేషన్ మాస్టర్లు పని నేర్చుకునేది అక్కడ. అసలు లైను మీద తప్పు చేస్తే ప్రాణాలు పోతాయి కనుక, చేయవలసిన తప్పులన్నీ ఆ బల్ల మీదే చేసి దిద్దుకుంటారు. పుణేలో భావూసాహెబ్ జోషి అనే ఆయన జీవితమంతా చిన్న రైళ్ళతోనే గడిపి, 1998లో కోత్రూడ్ ప్రాంతంలో వాటికి ఒక మ్యూజియమే తెరిచారు. జర్మనీలోని హాంబర్గ్‌లో కవల అన్నదమ్ములు 2001లో తెరిచిన చిన్న రైళ్ళ ప్రపంచాన్ని చూడడానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. మీ నాన్నగారిని ఒకసారి పుణే తీసుకెళ్ళు. మీ ఊరి పక్క నుంచి పోయే 65వ నంబరు జాతీయ రహదారి అక్కడికే చేరుతుంది. ఆయన చూసి వస్తే, చుట్టాలకు జవాబు ఆయనే చెప్పుకుంటారు.

ఇక దోస్తు సంగతి. రైలు పిచ్చి ఉన్నవాడే కావాలని వెతుకుతున్నావు, అందుకే దొరకడం లేదు. ఒక లేఅవుట్‌కు, అంటే బల్ల మీది రైలు ఏర్పాటుకు, వడ్రంగం కావాలి, వైరింగ్ కావాలి, రంగులు కలపడం రావాలి, ఊరి జ్ఞాపకం కావాలి. మోటార్లు చుట్టే మనిషికి నీ ఇంజన్ లోపలి మోటారు చూపించు. వినాయక చవితికి థర్మకోల్‌తో కొండలూ గుళ్ళూ కట్టే కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. మిగతా పదకొండు నెలలు వాళ్ళ చేతులకు ఆ పని ఉండదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి "నా రైలు చూడండి" అనకు. "కొండ కట్టడం నాకు రావడం లేదు, చేయి పడతారా" అని అడుగు. చూడమంటే ఒకసారి వచ్చిపోతారు. సాయం అడిగితే, తాము కట్టిన కొండ ఎలా ఎండిందో చూసుకోవడానికి మర్నాడు మళ్ళీ వస్తారు.

ప్రశ్న: నేనూ నా చిన్ననాటి దోస్తూ కలిసి ఎనిమిదడుగుల బల్ల మీద లేఅవుట్ మొదలుపెట్టాం. హెచ్‌ఓ స్కేల్. నాకు జహీరాబాద్ స్టేషన్ ఉన్నదున్నట్టు రావాలి, స్తంభాల లెక్కతో సహా. వాడికి రైలు తిరిగితే చాలు. మన బోగీలకు జర్మనీ ఇంజన్ తగిలిస్తాడు. పోయిన నెల నేను లేనప్పుడు ప్లాట్‌ఫారం చివర సొరంగం కట్టాడు! జహీరాబాద్‌లో సొరంగం ఎక్కడుంది? అప్పటి నుంచి మాటల్లేవు. తప్పు వాడిదే కదా?

జవాబు: మీరు లేనప్పుడు కట్టడం తప్పే. కానీ "ఉన్నదున్నట్టు" అన్నారే, ఆ మాట ఒకసారి లెక్క వేద్దాం.

హెచ్‌ఓ అంటే అసలులో 87వ వంతు. పాత ఐసీఎఫ్ బోగీ పొడవు సుమారు 21.3 మీటర్లు; మీ బల్ల మీద అది ఇరవై నాలుగున్నర సెంటీమీటర్లు. 24 బోగీల రైలు పెట్టాలంటే దాదాపు ఆరు మీటర్లు, అంటే పంతొమ్మిది అడుగులు కావాలి. మీ బల్ల ఎనిమిదడుగులు. ఇంజన్ కలుపుకుంటే తొమ్మిది బోగీలకు మించి పట్టదు. కాబట్టి మీరు ప్లాట్‌ఫారాన్ని ఇప్పటికే కుదించి ఉంటారు.

ఇంకొకటి. మన బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే పంతొమ్మిదికి పైమాటే. బజార్లో దొరికే హెచ్‌ఓ పట్టా 16.5 మిల్లీమీటర్లు, ఎందుకంటే అది ఐరోపా, అమెరికాల్లో నడిచే 1,435 మిల్లీమీటర్ల గేజ్‌కు తీసిన కొలత. అంటే మన రైలును ఆ పట్టా మీద నిలబెట్టిన రోజే మీరు దాదాపు మూడు మిల్లీమీటర్లు వదులుకున్నారు. అసలు రైలు లెక్కలో అది దాదాపు ఇరవై నాలుగు సెంటీమీటర్ల తేడా. దాన్ని క్షమించారు, ఎందుకంటే క్షమించకపోతే రైలే లేదు.

ఇంగ్లండ్‌లోనూ ఇదే గొడవ నడిచింది. వాళ్ళ ఇంజన్లు చిన్నవి, 87వ వంతు చేస్తే అప్పటి మోటారు లోపల పట్టలేదు. అందుకని ఇంజన్‌ను 76వ వంతుకు పెంచి పట్టాను మాత్రం 16.5 దగ్గరే ఉంచేశారు. అది సహించలేనివాళ్ళు 18.2 మిల్లీమీటర్ల పట్టా వేసుకున్నారు. అదీ చాలదన్నవాళ్ళు 18.83కు వెళ్ళారు. మూడు వర్గాలూ ఈనాటికీ ఉన్నాయి, ఒకే ప్రదర్శనల్లో పక్కపక్కన బల్లలు వేసుకుంటాయి.

మీరు చేయదగ్గ పని ఒకటి చెబుతాను. 1970ల్లో అమెరికాలో ఎన్ స్కేల్ వాళ్ళు మాడ్యూల్ పద్ధతి తెచ్చారు. ఎవరి బోర్డు వాళ్ళు కట్టుకుంటారు. లోపల ఊరు కట్టినా అడవి కట్టినా ఎవరూ అడగరు. బోర్డు చివర్లు మాత్రం అందరివీ ఒకే కొలతలో ఉండాలి, అప్పుడే ఒకరి రైలు ఇంకొకరి బోర్డు మీదికి పోతుంది. మీ ఎనిమిదడుగుల బల్లను నాలుగడుగుల చొప్పున రెండు చేయండి. నేల నుంచి ఎత్తు, ముందు అంచు నుంచి పట్టా దూరం, వైర్ల రంగులు ఒక కాగితం మీద రాసి ఇద్దరూ పెట్టుకోండి. మీ నాలుగడుగుల్లో స్తంభాలు లెక్కపెట్టుకోండి. అతని నాలుగడుగుల్లో సొరంగం ఉండనివ్వండి. కాగితం పట్టుకుని ముందు మీరే వెళ్ళండి. చిన్ననాటి దోస్తు దగ్గరికి ముందు ఎవరు వెళ్ళారన్న లెక్క ఉండకూడదు.

ప్రశ్న: మావారికి ఎరువుల దుకాణం. ముందుగదంతా రైలు బల్లే. పిల్లలు తాకితే కేకలు. ఆదివారం వస్తే నలుగురు దోస్తులు, సాయంత్రం దాకా నేను టీలు పెట్టాలి. ఎనిమిది వందలని చెప్పిన ఇంజన్ ఎనిమిది వేలని బిల్లు చూశాక తెలిసింది. తాగుడు లేదు, పేకాట లేదు, దీనికే గొడవ పడుతున్నావా అని మా అత్తమ్మ నన్నే అంటోంది. నేను తప్పా?

జవాబు: మీరు తప్పు కాదమ్మా. తాగుడు లేకపోవడం మంచిదే, కానీ అది అబద్ధానికి రసీదు కాదు. మీకు నొప్పి కలిగించింది రైలు కాదు, దాచిన బిల్లు. మీవారికి చూపించండి ఈ జవాబు.

అయ్యా, నెలకింత అని ఇద్దరూ కూర్చుని ఒక మొత్తం అనుకోండి. అందులో ఏం కొన్నా ఆమె అడగదు, అది దాటితే ఆమెను అడగకుండా మీరు కొనరు. ఖరీదైన ఇంజన్ కావాలంటే నాలుగు నెలలు ఆగి కొనండి. బల్లకు గోడవైపు బందులు బిగిస్తే మడతమంచంలా లేపి గోడకు ఆనించవచ్చు. రైళ్ళు, విడి వస్తువులు ముందు పెట్టెల్లో సర్దుకోవాలి, అంతే. వారంలో ఆరు రోజులు ఆ గది ఇంటిది.

పిల్లలు తాకితే పాడవుతుందని భయం నిజమే. కానీ పని లేని పిల్లవాడే తాకుతాడు. పెద్ద లేఅవుట్లున్నచోట టైంటేబుల్ ప్రకారం రైళ్ళు నడుపుతారు, ఒక్కొక్కరికి ఒక్కో ఉద్యోగం ఉంటుంది. మీ పెద్దవాణ్ణి కోహీర్ దక్కన్‌కు, చిన్నదాన్ని మెటల్‌కుంటకు స్టేషన్ మాస్టర్లను చేయండి. వాళ్ళు పచ్చజెండా ఊపందే మీ రైలు కదలకూడదు. ఆదివారం వచ్చే దోస్తులకూ ఒక మాట: వంతులవారీగా ఒక్కో వారం ఒక్కొక్కరింట్లో కూర్చోండి, టీ ఆ ఇంటి మగవాడే పెట్టాలి.

ప్రశ్న: ఇంజన్ తిరుగుతూ తిరుగుతూ బల్ల అవతలి చివర ఆగిపోతుంది. వేలితో నెడితే కదులుతుంది. మా ఎర్రమట్టినే జల్లించి పట్టాల పక్కన పోశాను, దాని వల్లనా?

జవాబు: రెండు కారణాలు ఉండవచ్చు. ఒకటి, పట్టా మీద, చక్రాల మీద మురికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో రెండూ తుడవండి. గరుకు కాగితంతో రుద్దకండి, ఆ గీతల్లో మురికి ఇంకా పడుతుంది. రెండు, పట్టాలను కలిపే అతుకుల దగ్గర కరెంటు తగ్గిపోవడం. కంట్రోలర్ దగ్గర పన్నెండు వోల్టులున్నా అవతలికి చేరేసరికి అంత ఉండదు. ప్రతి మూడు నాలుగు అడుగులకు బల్ల కింద నుంచి ఒక జత వైర్లు తెచ్చి పట్టాకు టంకం పెట్టండి. ఒకరు కంట్రోలర్ పట్టుకుని, ఇంకొకరు మల్టీమీటర్‌తో ఒక్కో అతుకూ చూసుకుంటూ పోతే గంటలో తేలిపోతుంది. పక్కింటి కుర్రాణ్ణి పిలవండి.

మట్టి అనుమానం బాగానే పట్టారు. జహీరాబాద్ ఎర్రమట్టికి ఆ రంగునిచ్చేది ఇనుమే. అందులో అయస్కాంతానికి అంటుకునే నలుసులుంటే ఇంజన్ మోటారులోని అయస్కాంతం లాక్కుంటుంది, మోటారు పాడవుతుంది. మట్టిని ఎండబెట్టి, పల్చటి గుడ్డలో జల్లించి, కాగితం మీద పరిచి బలమైన అయస్కాంతాన్ని రెండు మూడుసార్లు తిప్పండి. మిగిలిన మట్టిని పోసి, ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి, చుక్కలు చుక్కలుగా తడపండి. రాత్రంతా ఆరనివ్వండి. మన ఊరి మట్టి రంగు ఏ డబ్బాలోనూ దొరకదు, వాడడం మానకండి.

ప్రశ్న: మావారు పోయి ఏడాది. జహీరాబాద్‌లోనే ఉంటాను. అటక మీద పదకొండు పెట్టెల్లో ఆయన రైళ్ళున్నాయి. ఆయన స్నేహితుడొకరు "అన్నీ కలిపి ఇంత ఇస్తాను వదినా" అంటున్నారు. పాత సామాన్ల అతను కిలో లెక్కన అడిగాడు. మా అబ్బాయి అమెరికా నుంచి, వదిలించుకోమ్మా అంటాడు. అమ్మితే ఆయన్ని అమ్మినట్టుంది. ఉంచుకుంటే పెట్టె తెరవడానికి చేతులు రావడం లేదు.

జవాబు: అమ్మా, ఏ నిర్ణయమూ ఈ నెలలోనే తీసుకోనక్కర్లేదు. పెట్టెలను మాత్రం అటక మీంచి దింపించండి. ఎండాకాలం పైకప్పు వేడికి ప్లాస్టిక్ వంగుతుంది, వానాకాలం చెమ్మకు ఇనుప భాగాలు తుప్పు పడతాయి. చల్లటి గదిలో, నేలకు ఎత్తుగా పెట్టించండి.

తర్వాత ఒక జాబితా రాయించండి. ధర కట్టేవాళ్ళు ఇద్దరుండాలి, విడివిడిగా కట్టాలి. కొనాలనుకునే స్నేహితుడు ధర కట్టకూడదు. ఆయన మంచివాడైతే ఈ మాటకు నొచ్చుకోరు. కిలో లెక్క అడిగినతనికి మాత్రం ఇవ్వకండి. ఒక్క ఇంజన్ విలువ అతనిచ్చే మొత్తానికి మించి ఉంటుంది.

అమ్మితే ఆయన్ని అమ్మినట్టు కాదు. పైన చెప్పిన పుణే జోషిగారి తర్వాత ఆ మ్యూజియాన్ని ఆ ఇంటివాళ్ళే నడుపుతున్నారు, అక్కడ రైళ్ళు ఈనాటికీ తిరుగుతున్నాయి. అందరికీ అది సాధ్యపడదు. మీరు ఒక ఇంజన్, ఆయన చేత్తో చేసినదేదైనా ఒకటి ఉంచుకోండి. మిగతావి పెట్టెలో ఉంచేవాళ్ళకు కాకుండా పట్టా మీద నడిపేవాళ్ళకు ఇవ్వండి, ధర తీసుకునే ఇవ్వండి.

ఈ శీర్షికలో మొదటి ఉత్తరం ఇంకోసారి చదవండి. మీకు దగ్గర్లోనే మొగుడంపల్లిలో ఒక కుర్రాడున్నాడు. అతని దగ్గర ఒక ఇంజన్, నాలుగు బోగీలు ఉన్నాయి, మాట్లాడడానికి మనిషి లేడు. మీకు పెట్టె తెరవడానికి చేతులు రావడం లేదు. ఇద్దరూ సరేనంటే మీ ఉత్తరం అతనికి, అతని ఉత్తరం మీకు అందజేస్తాం. కొనడానికి కాదు, ముందు పెట్టెలు దింపడానికి రమ్మనండి.

పాఠకులకు: జహీరాబాద్, కోహీర్, న్యాల్‌కల్, ఝరాసంగం వైపు ఇంకెవరైనా ఇలా ఒంటరిగా బల్ల ముందు కూర్చుని ఉంటే మాకు రాయండి. ఏ స్కేలు, ఎన్ని అడుగుల బోర్డు, మీకు వచ్చిన పనేమిటి, రాని పనేమిటి, ఈ నాలుగూ చాలు. మీ అనుమతి లేకుండా ఎవరి వివరాలూ ఎవరికీ ఇవ్వం. బోర్డు అంచు కొలతలు మాత్రం ముందే అనుకుందాం.