న్యాయమూర్తికి న్యాయమైన జీతం

న్యాయమూర్తుల జీతాలు పెరిగాయన్న వార్త వచ్చినప్పుడల్లా మనలో చాలామందికి ఒక ప్రశ్న తడుతుంది. ఇంతమంది పేదలున్న దేశంలో వారికి లక్షల జీతం దేనికి? ప్రశ్న సహేతుకమే. దానధర్మాలు చేసే మనం ప్రతి రూపాయికీ లెక్క అడిగేవాళ్ళం. అయితే దీనికి మన పెద్దలు ఏనాడో జవాబు చెప్పి ఉన్నారు.

హజ్రత్ అలీ (రజి) మాలిక్ అల్ అష్తర్‌ను ఈజిప్టు పాలకుడిగా నియమిస్తూ రాసినదిగా ప్రసిద్ధమైన లేఖ 'నహ్జుల్ బలాగా'లో ఉంది. ఖాజీల విషయంలో అందులోని సలహాల సారాంశం ఇది: ప్రజల్లో ఉత్తముణ్ణి ఎంచుకో, అతని తీర్పులను తరచూ పరిశీలించు, ఇతరుల ముందు చేయి చాచే అవసరం రానంతగా అతనికి ఇవ్వు. ఎంపిక, పరిశీలన, జీతం మూడూ కలిసే ఉన్నాయని మనం గమనించాలి.

హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా ఉన్న ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో ఖాజీ జీతం బైతుల్‌మాల్ నుంచే రావాలన్నారు. తన చేతికి వచ్చే వారసత్వపు ఆస్తుల నుంచి అతనికి జీతం ఇవ్వడాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఎవరి సొమ్ముపై తీర్పు చెప్పాలో వారి సొమ్మే తింటే ఆ తీర్పును నమ్మేదెవరు?

మరి ఖాజీ ధనవంతుడైతే? జీతం వద్దనుకోవడమే మేలని కొందరు ఫఖీహులు అన్నారు. హనఫీ గ్రంథం 'హిదాయా' మాత్రం తీసుకోవడమే సరైనదంటుంది. అందుకు రెండు కారణాలు చూపుతుంది: ఆ పదవి చులకన కాకూడదు, రేపు ఆ స్థానంలోకి వచ్చే పేదవాడికి ఇబ్బంది కలగకూడదు. జీతం లేని పదవి చివరికి ధనవంతులకే మిగులుతుంది.

ఇక మన దేశం సంగతి చూద్దాం. 1950లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జీతం నెలకు 5,000 రూపాయలు, హైకోర్టు న్యాయమూర్తి జీతం 3,500. ధరలు ఎంత పెరిగినా 1986 వరకు, అంటే 36 ఏళ్ళు, ఈ అంకెలు కదలలేదు. ఆ ఏడాది అవి 10,000, 8,000 అయ్యాయి. 2016 జనవరి నుంచి వర్తించే లెక్క ప్రకారం 2,80,000, 2,25,000. పేరున్న న్యాయవాది సంపాదనతో పోలిస్తే ఇది ఇప్పటికీ తక్కువే. పైగా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారు విరమణ తర్వాత దేశంలో ఏ కోర్టులోనూ వాదించకూడదు.

రాజ్యాంగం ఈ జీతాలకు రక్షణ కల్పించింది. అవి సంచిత నిధి నుంచి నేరుగా వస్తాయి, వాటిపై చట్టసభలో ఓటింగు ఉండదు. ఆర్థిక అత్యవసర పరిస్థితిలో తప్ప వాటిని తగ్గించడానికి వీల్లేదు. తీర్పు నచ్చని ప్రభుత్వం జీతం కోసి కక్ష తీర్చుకోలేదన్నమాట.

పేదవాడి మనోవర్తి, వారసత్వపు వాటా కేసులు ముందుగా వెళ్ళేది కింది కోర్టులకే. అక్కడి న్యాయాధికారుల జీతాలపై జస్టిస్ పి. వెంకట్రామరెడ్డి అధ్యక్షతన 2017లో కమిషన్ ఏర్పడింది. దాని ప్రకారం జీతాలు ఇవ్వాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

జీతం ఒక్కటే నీతిమంతుణ్ణి తయారు చేయదు. అత్యాశకు ఎంత ఇచ్చినా చాలదు. అందుకే సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 1997లో తమకు తాము ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నారు. కుటుంబసభ్యులు, దగ్గరి బంధువులు, స్నేహితుల నుంచి తప్ప కానుకలు తీసుకోరాదన్నది అందులో ఒకటి. తగినంత జీతం ఇచ్చినప్పుడే ఇలాంటి కట్టుబాటును గట్టిగా అడిగే హక్కు సమాజానికి ఉంటుంది.

సిఫారసు చేసేవాళ్ళు లేని వితంతువుకు, అనాథకు కోర్టులో ఉన్న బలమల్లా న్యాయమూర్తి నిష్పాక్షికతే. ఆ జీతం వారి రక్షణకు మనమంతా కలిసి చెల్లించే ఖర్చు.

ఈ పాఠం మన సంస్థలకూ వర్తిస్తుంది. జకాత్ పొందే ఎనిమిది వర్గాల్లో దాన్ని వసూలు చేసి పంచే పనివారినీ దివ్య ఖుర్ఆన్ చేర్చింది. "మేమిచ్చిన దానిలో సిబ్బంది జీతాలకు ఎంత పోయింది?" అని మనం తప్పక అడుగుదాం. దానితోపాటు "వారికి ఇచ్చేది వారి ఇల్లు గడవడానికి సరిపోతోందా?" అని కూడా అడుగుదాం.