పొయ్యి ముట్టించకుండా చాక్లెట్ స్వీటు: కొన్ని చిట్కాలు

'రా వీగన్ చాక్లెట్ డెజర్ట్' అనగానే ఇదేదో ఖరీదైన వ్యవహారం, మనకెందుకులే అనిపిస్తుంది. తీరా చూస్తే ఏముంది అందులో? ఖర్జూరం, కొబ్బరి, జీడిపప్పు, కోకో పొడి. పొయ్యి మీద పెట్టకూడదు, పాలూ నెయ్యీ తేనే తగలకూడదు, అంతే దాని నియమం. మిక్సీ, ఫ్రిజ్ ఉన్న ఇంట్లో ఎవరైనా చేసేయొచ్చు. మే నెల ఎండల్లో పాకం పడుతూ నిలబడే బాధ తప్పుతుంది, గ్యాసూ మిగులుతుంది. మా ఇంట్లో చేసి చూసి, పనికొచ్చినవే చెబుతున్నా.

1. కోకో పొడి కొనేముందు డబ్బా వెనక చదవండి, పదార్థాల్లో కోకో ఒక్కటే ఉండాలి. డ్రింకింగ్ చాక్లెట్ అని అమ్మేదాంట్లో పంచదారే ఎక్కువ, కొన్నిట్లో పాలపొడి కూడా కలుస్తుంది, మన పనికి రాదు.

2. ఆ జాబితాలోనే 501 అనే నంబరు కనిపిస్తే అది క్షారంతో శుద్ధి చేసిన పొడి. రంగు నల్లగా బాగుంటుంది, చేదు తగ్గుతుంది, కానీ కోకోలో ఒంటికి మంచివని చెప్పే ఫ్లేవనాల్స్ చాలావరకు పోతాయి. ఆరోగ్యం కోసమే చేసుకుంటున్నప్పుడు లేత గోధుమరంగు పొడే నయం.

3. 'రా కకావో' అని విడిగా అమ్మేది వేయించని గింజల పొడి, ధర బాగా ఎక్కువ. పచ్చివే తినాలన్న నియమం ఉన్నవాళ్లు అది కొనుక్కోండి, మిగతావాళ్లకు మామూలు కోకో పొడి చాలు.

4. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు చుట్టాలుంటే, కొబ్బరి తోటల్లో అంతరపంటగా వేసిన కోకో కాయ ఒకటి తెప్పించుకోండి. పగలగొడితే గింజల చుట్టూ తెల్లటి గుజ్జు ఉంటుంది, సీతాఫలంలా చప్పరించొచ్చు, తియ్యగా పుల్లగా భలే ఉంటుంది. గింజను మాత్రం అలాగే రుబ్బేయకండి. ఐదారు రోజులు పులియబెట్టి ఎండబెడితే తప్ప చాక్లెట్ రుచికి దారి పడదు, అప్పటిదాకా ఒట్టి చేదూ వగరూ. ఆ పులిసేటప్పుడు కుప్ప లోపల వేడి 45 డిగ్రీలు దాటిపోతుంది కూడా. అందుకే 'పచ్చిది' అన్న మాట పట్టుకుని మరీ వేలాడక్కర్లేదని నా లెక్క.

5. కోకో పొడి డబ్బాలో తడి చెంచా పెట్టకండి, గడ్డ కట్టేస్తుంది. బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పోసి అలమరలో పెట్టుకుంటే చాలు, ఫ్రిజ్‌లో పెట్టి తీస్తుంటే చెమ్మ పడుతుంది.

6. తీపికంతా ఖర్జూరమే దిక్కు కాబట్టి మెత్తగా ఉన్నవి చూసుకోండి. ఎలాగూ రుబ్బేదే, పెద్ద పెద్ద మెడ్జూల్ పళ్లు కొనక్కర్లేదు. ముద్దలా నొక్కి కట్టిన చవక ప్యాకెట్ కూడా అంతే బాగా నలుగుతుంది.

7. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఖర్జూరం, జీడిపప్పు బేగంబజార్‌లో ఒకేసారి తెచ్చుకుంటే సూపర్ మార్కెట్ ధర మీద బాగానే కలిసొస్తుంది. రంజాన్ నెలలో అయితే రకాలకు లోటుండదు, రుచి చూసి మరీ కొనుక్కోవచ్చు.

8. 'సీడ్‌లెస్' అని రాసి ఉన్నా ప్రతి పండూ చీల్చి చూడండి. ఒక్క గింజ మిగిలితే మిక్సీ బ్లేడు పోతుంది, పైగా లోపల పురుగో నల్లటి బూజో ఉంటే అప్పుడే తెలుస్తుంది.

9. ఖర్జూరాన్ని ఒకసారి కడిగి, మునిగీ మునగనట్టు నీళ్లు పోసి అరగంట నానబెట్టండి. ఆ తియ్యటి నీళ్లు పారబోయకండి, రుబ్బేటప్పుడు అవే పోసుకుంటే ఖర్జూరం తక్కువ పడుతుంది.

10. బెల్లం చెరకు రసం కాచి చేసేదే, పచ్చిది కాదు. తేనె తేనెటీగలది కాబట్టి వీగన్ కాదు. మాకు పాలు లేకపోతే చాలు, మిగతా పట్టింపులు లేవు అనుకునేవాళ్లు బెల్లం తురుము నిశ్చింతగా వేసుకోవచ్చు.

11. 'పంచదార లేదు కదా' అని షుగర్ ఉన్నవాళ్లకు గిన్నెడు పెట్టేయకండి, ఖర్జూరంలో ఉన్నదీ చక్కెరే. వాళ్లకి రెండు చెంచాలు చాలు.

12. జీడిపప్పు గుండ్లు కొనకండి, బద్దలో ముక్కలో తెచ్చుకోండి. మెత్తగా రుబ్బేదానికి ఆ అందం ఎవరు చూస్తారు, డబ్బు దండగ.

13. జీడిపప్పు నాలుగు గంటలు నానాలి. వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా విరగాలి, పటుక్కుమంటే ఇంకాసేపు ఉంచండి. తొందరుంటే వేడినీళ్లలో అరగంట చాలు.

14. జీడిపప్పు కొంటే 'పచ్చిదేనా' అని కొట్టువాణ్ణి నిలదీయకండి. పలాసలో అయినా ఇంకెక్కడైనా పెంకు తీయడానికి గింజల్ని ఆవిరి పట్టడమో కాల్చడమో చేస్తారు, వేడి తగలని జీడిపప్పు బజార్లో దొరకడం అరుదు.

15. ఇంట్లో ఎవరికైనా జీడిపప్పు, బాదం పడకపోతే నానబెట్టిన పొద్దుతిరుగుడు గింజలు వేయండి. ఖర్చూ తగ్గుతుంది, కోకో వేశాక తేడా ఎవరూ కనిపెట్టలేరు. పచ్చి వేరుశనగ మాత్రం వద్దు, పచ్చివాసన కోకోకి కూడా లొంగదు.

16. ఇక అసలు సంగతికి వద్దాం, కొబ్బరిబోండం. తాగేసి బోండం పారేసి వచ్చేస్తాం కదా, ఆ లోపలి లేత కొబ్బరే మనకి వెన్నా మీగడా అన్నీ. బండి దగ్గరికి వెళ్లేటప్పుడే మూత ఉన్న డబ్బా పట్టుకెళ్లండి, హైదరాబాద్‌లో అయితే 'మలై వాలా' అంటే చాలు, ఏరి ఇస్తాడు. నీళ్లు తాగాక బోండం చీల్పించి, ఆ చెక్కముక్కతోనే గీరించి డబ్బాలో వేయించుకోండి.

17. చెంచాతో లాగితే పొరగా లేచి వచ్చే తెల్ల కొబ్బరి సరిగ్గా సరిపోతుంది. అద్దంలా పారదర్శకంగా, జారిపోతూ ఉంటే స్వీటు గట్టిపడదు, పళ్ల కింద కరకరలాడేంత ముదిరితే ఎంత తిప్పినా పిప్పి తగులుతుంది. గీరిన ముక్కల మీద గోధుమరంగు పెంకు పొట్టు ఉంటే వేలితో తుడిచి తీసేయండి, లేకపోతే తినేటప్పుడు ఇసుకలా తగులుతుంది.

18. లెక్క ఇదిగో. ఒక కప్పు లేత కొబ్బరికి ఎనిమిది ఖర్జూరాలు, గుప్పెడు నానిన జీడిపప్పు, రెండు టేబుల్ స్పూన్ల కోకో, చిటికెడు ఉప్పు. చిన్న గిన్నెలు నాలుగు వస్తాయి.

19. అల్లం వెల్లుల్లి నూరే జార్ జోలికి పోవద్దు, ఆ వాసన చాక్లెట్లో దాక్కోదు. వేరే జార్ లేకపోతే ముందుగా గుప్పెడు పొడి బియ్యం వేసి తిప్పి పారేయండి, చాలావరకు పోతుంది.

20. మిక్సీలో వరస ముఖ్యం. ముందు ఖర్జూరం, తర్వాత జీడిపప్పు, ఆ తర్వాత కొబ్బరి, అన్నీ నున్నగా అయ్యాకే కోకో. ముందే కోకో వేస్తే మూతకంతా అంటుకుంటుంది, తీయగానే లేచి ముక్కులోకి పోతుంది.

21. కోకోని టీ వడకట్టే జాలిలో జల్లించి వేస్తే ఉండలు కట్టదు. జాలి పొడిగా ఉండాలి సుమా.

22. చిన్న జార్లో సగానికి మించి నింపకుండా, ఆపి ఆపి తిప్పండి. పచ్చి తిండి వాళ్లు 42 నుంచి 48 డిగ్రీలు దాటనివ్వం అంటారు. థర్మామీటర్ ఎందుకు, జార్ అడుగు చేతికి వెచ్చగా తగిలితే పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ తిప్పండి. మోటారుకీ మంచిదే.

23. ఉప్పు మరచిపోకండి, ఆ చిటికెడుతో చేదు తగ్గి తీపి పైకి తేలుతుంది. మరో ఖర్జూరం వేద్దామా అనిపించినప్పుడల్లా ముందు ఉప్పు సరిచూసుకోండి.

24. యాలకులు ఒకటికి మించితే పాయసం వాసన వచ్చేస్తుంది. దానికంటే మిరియాల పొడో కారమో చిటికెడు వేసి చూడండి. నవ్వకండి, మెక్సికోలో పూర్వం కోకోలో మిరపకాయ కలుపుకునే తాగేవాళ్లు, గొంతులో చిరువేడి తగిలి చాక్లెట్ ఇంకా చిక్కగా అనిపిస్తుంది.

25. పచ్చిదే కావాలన్న పట్టింపు లేకపోతే ఒక చెంచా చిక్కటి ఫిల్టర్ కాఫీ డికాక్షన్ కలపండి. కాఫీ రుచి తెలియదు గానీ చాక్లెట్ రెట్టింపైనట్టు ఉంటుంది.

26. రుబ్బగానే జావలా ఉందని కంగారుపడి ఇంకేదో కలపకండి. రెండు గంటలు ఫ్రిజ్‌లో పెడితే అదే గట్టిపడుతుంది.

27. ఇంకా గట్టిగా, కత్తితో కోసేలా కావాలంటే ఒక టేబుల్ స్పూన్ గానుగ కొబ్బరి నూనె వేసి తిప్పండి. కొబ్బరి నూనె దాదాపు 24 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది కాబట్టి మన వేసవిలో ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా చేతికివ్వాలి, బల్ల మీద సర్ది ఫొటోలు తీసేలోపు జారిపోతుంది.

28. బోండాలు దొరకని రోజుకి సపోటా ఉంది. బాగా మగ్గిన సపోటాలు నాలుగు, గింజలు తీసి, ఒకటిన్నర చెంచా కోకోతో తిప్పండి, ఖర్జూరం అవసరమే పడదు. ఈ రెంటికీ ఎంత జత కుదురుతుందంటే, చెప్పకపోతే సపోటా అని గుర్తుపట్టలేరు. పచ్చి సపోటా మాత్రం నాలుక పట్టేస్తుంది, జాగ్రత్త.

29. వెన్నపండు అదే అవకాడో, సగం ముక్క వేసినా నున్నగా వస్తుంది. కానీ ధర చూస్తే నాకైతే సపోటాయే మేలనిపిస్తుంది.

30. నల్ల మచ్చలు పడి ఎవరూ ముట్టని అరటిపళ్లు పారేయకండి. ముక్కలు కోసి పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పరిచి డీప్ ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, తర్వాత డబ్బాలో పోసుకోండి. కావాల్సినప్పుడు ఒక చెంచా కోకో వేసి తిప్పితే ఐస్‌క్రీమ్. చక్కెరకేళి అయితే ఇక చెప్పక్కర్లేదు.

31. కొరికే చాక్లెట్ బిళ్లలకి కరిగిన కొబ్బరి నూనె, కోకో సమానంగా తీసుకుని, తీపికి ఎండు ఖర్జూరం పొడి కలపండి. ఇక్కడ నీటి చుక్క తగలకూడదు, తగిలితే విరిగి ఇసుకలా అవుతుంది, అందుకే నానిన ఖర్జూరం పనికిరాదు.

32. చలికాలంలో నూనె పేరుకుంటే పొయ్యి ఎందుకు, సీసాని కాసేపు ఎండలో పెట్టండి.

33. బిళ్లలకి అచ్చులు కొనకండి, చిన్న ఇడ్లీల ప్లేటు చాలు. గుంటలకి నూనె రాసి, సగం దాకా పోసి అరగంట డీప్ ఫ్రిజ్‌లో పెట్టి, ప్లేటు వెనక ఒక్కసారి తడిగుడ్డ వేస్తే టకటకా ఊడి వస్తాయి.

34. స్వీటు కింద కరకరలాడే అడుగు కావాలంటే నానబెట్టని బాదం, ఖర్జూరం కలిపి బరకగా తిప్పి గిన్నె అడుగున నొక్కండి. గిన్నెలో ముందే అరటాకు ముక్క పరిస్తే మొత్తం ఒక్కపెట్టున లేచి వస్తుంది, గీకక్కర్లేదు.

35. ఆ మిశ్రమమే మిగిలితే కోకో కలిపి చిన్న లడ్డూలు చుట్టి ఎండు కొబ్బరి కోరులో దొర్లించండి. చేతికి చుక్క కొబ్బరి నూనె రాసుకుంటే అంటుకోదు. ఫ్రిజ్‌లో వారం నిలవుంటాయి, పిల్లల టిఫిన్ డబ్బాకి భేషుగ్గా పనికొస్తాయి.

36. లేత కొబ్బరితో చేసింది మాత్రం ఆ రోజే తినేయాలి, మహా అయితే మర్నాడు. పొయ్యి మీద పెట్టంది కాబట్టి చేతులు, చెంచాలు, జార్ శుభ్రంగా ఉండాలి. కాస్త పులుపు వాసన వచ్చినా, కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగినా మొహమాటపడకుండా పారేయండి.

37. అమెరికాలో ఉన్న మన పిల్లలకి బోండాం బండి ఎక్కడిది అంటారా? అక్కడి ఆసియా దుకాణాల్లో లేత కొబ్బరి గడ్డకట్టించి ప్యాకెట్లలో అమ్ముతారు, కరిగించి నీళ్లు వార్చి వాడుకుంటే సరి.

38. కోకోలో కాస్త కెఫీన్ ఉంటుంది, చిన్నపిల్లలకి రాత్రి పడుకునే ముందు కాకుండా సాయంత్రమే పెట్టండి. కుక్కను పెంచుకునేవాళ్లు గిన్నె కింద పెట్టకండి, కోకో దానికి విషం.

39. జార్‌కి అంటుకున్నది వేలితో నాకి కూర్చోకుండా, అందులో అర గ్లాసు కొబ్బరినీళ్లు పోసి ఒక్క తిప్పు తిప్పండి. చల్లటి కోకో పానీయం తయారు, చేసినవాళ్లకి అది కూలి, జార్ కడిగే పనీ సగం తప్పుతుంది.