నైట్ షిఫ్టులో ఉన్న తమ్ముడికి

శీనూ,

మొన్న ఫోన్లో "ఏదీ చెయ్యబుద్ధి కావట్లేదక్కా, బద్ధకం పెరిగిపోయింది" అన్నావు. మ్యాచ్ ఉందంటే అన్నం కూడా పక్కన పెట్టేసేవాడివి, ఇప్పుడు స్కోరు కూడా చూడట్లేదంటే అది బద్ధకం కాదురా. ఆ నింద నీ మీద వేసుకోకు. ఏళ్ల తరబడి ఆసుపత్రిలో నైట్ డ్యూటీలు చేసినదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నాను.

మెదడులో, రెండు కళ్ల నరాలు కలిసే చోటికి కాస్త పైన, సుమారు 20 వేల కణాల గుంపు ఒకటి ఉంటుంది. ఒంట్లో గడియారం అదే. నిద్ర ఎప్పుడు రావాలి, ఏ హార్మోను ఎప్పుడు పెరగాలి అన్నది దాని అదుపులో ఉంటుంది. చాలామందిలో దాని చుట్టు 24 గంటలకు కొద్దిగా ఎక్కువే. రోజూ దాన్ని సరిచేసేది పగటి వెలుతురు.

డిప్రెషన్‌కీ ఈ గడియారానికీ లంకె గట్టిది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో చాలామందికి తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, పొద్దున పూట దిగులు మరీ ఎక్కువగా ఉంటుంది. చలిదేశాల్లో పగలు కురచైన కాలంలోనే కొందరిని దిగులు పట్టుకుంటుందని 1984లో నార్మన్ రోసెంథాల్ అనే డాక్టరు, ఆయన సహచరులు రాశారు. అక్కడ దానికి చేసే వైద్యాల్లో ఒకటి, పొద్దున్నే 10 వేల లక్సుల దీపం ముందు అరగంట కూర్చోబెట్టడం. హైదరాబాదులో నీకు ఆ దీపంతో పనేముంది? మబ్బు పట్టిన రోజు కూడా ఆరుబయట వెలుతురు ఆఫీసు లైట్లకు ఎన్నో రెట్లు. నీకు అందనిది అదే. తెల్లవారుజామున నాలుగున్నరకు క్యాబ్ దిగి పడుకుంటావు, మధ్యాహ్నం లేచి కర్టెన్లు తియ్యకుండానే ఫోను పట్టుకుంటావు, పొద్దుగూకేసరికి మళ్లీ క్యాబ్.

లేవగానే మేడ మీదకి వెళ్లు, కాఫీ అక్కడే తాగు. అన్నిటికంటే నిన్ను పాడు చేస్తున్నది శనాదివారాలు. ఆ రెండు రోజులూ పగలు తిరిగి రాత్రి పడుకుంటావు, సోమవారం అంతా తలకిందులు. సెలవు రోజున కూడా రాత్రి రెండింటి దాకా మేలుకో, పొద్దున పదింటి దాకా పడుకో. నిద్రలో కొన్ని గంటలైనా రోజూ ఒకే వేళకు పడాలి.

అర్ధరాత్రి క్యాంటీన్ బిర్యానీ కూడా మానెయ్యి. 2022లో బోస్టన్‌లో 19 మందిని నైట్ షిఫ్టులాంటి పరిస్థితుల్లో ఉంచి చూశారు. రాత్రి కూడా తిన్నవాళ్లలో దిగులు లక్షణాలు 26 శాతం పెరిగాయి, పగలు మాత్రమే తిన్నవాళ్లలో పెరగలేదు. చిన్న పరిశోధనే, అయినా పాటిస్తే పోయేదేమీ లేదు.

కానీ ఇవన్నీ డాక్టరుకు బదులు కావు. ఇలాంటి దిగులు రెండు వారాలు దాటితే చాలు, చూపించుకోవాలి, నీకు నెలలైంది. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లు, నీ షిఫ్టు వేళలు ఆయనకు తప్పకుండా చెప్పు. పగటి షిఫ్టు అడగడానికి డాక్టరు కాగితం పనికొస్తుంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఏ వేళైనా సరే, నాకు ఫోన్ చెయ్యి. లేదా టెలి మానస్ 14416కి చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

ఈ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకో. ఏ రోజో చెబితే సెలవు పెట్టి నేనూ వస్తాను.

మీ అక్క