చెట్టుకు వేలాడే తెల్లగడ్డం

పుట్టగొడుగు అనగానే మనకు ఏం గుర్తుకొస్తుంది? తొలకరి వానలు పడతాయి. పుట్టల దగ్గర తెల్లని గొడుగులు లేస్తాయి. తెలంగాణలో వీటిని పుట్టకొక్కులు అంటారు. ఒక కాడ, కాడ మీద గొడుగు. తిరగేసి చూస్తే గొడుగు అడుగున పలచని రేకులు వరసగా ఉంటాయి.

కాని అన్ని పుట్టగొడుగులూ పుట్టల మీదే పుట్టవు. అన్నిటికీ గొడుగు ఉండదు.

ఇంగ్లాండు దేశపు అడవుల్లో ఒక పుట్టగొడుగు ఉంది. దానికి గొడుగూ లేదు, రేకులూ లేవు. ముసలి చెట్టు మానుకు తెల్లని గడ్డంలా వేలాడుతుంది. అక్కడివాళ్ళు దాన్ని గడ్డం పుట్టగొడుగు అనీ, సింహం జూలు అనీ పిలుస్తారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు హెరీషియం ఎరినేసియస్. నోరు తిరగని పేరే. ఒళ్ళంతా ముళ్ళుండే ఒక చిన్న జంతువును బట్టి ఆ పేరు పెట్టారు.

ఇది చాలా అరుదు. ఆ అడవుల్లో ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళలో కూడా చాలామంది దీన్ని చూసి ఉండరు. కనబడినప్పుడు ఇదే అని ఎట్లా పోల్చుకోవాలి?

ముందు ఎక్కడ ఉందో చూడాలి. నేల మీద ఉంటే ఇది కాదు. నేల మీద మొలిచే పళ్ళ పుట్టగొడుగు ఇంకొకటి ఉంది. దానికి కాడ, టోపీ ఉంటాయి. పళ్ళు టోపీ అడుగున ఉంటాయి. మన గడ్డం పుట్టగొడుగు మాత్రం కర్ర మీదే పుడుతుంది. ఎక్కువగా బీచ్ అనే పెద్ద చెట్టు మీద, అప్పుడప్పుడు ఓక్ చెట్టు మీద. పడిపోయిన మొద్దు మీద ఉండొచ్చు. బతికున్న ముసలి చెట్టుకు కొమ్మ విరిగిన గాయం దగ్గర, తొర్ర దగ్గర కూడా ఉండొచ్చు. ఒక్కోసారి ఎంత ఎత్తున ఉంటుందంటే, తల ఎత్తి చూస్తే తప్ప కనబడదు. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా వెతకాలి.

తర్వాత పళ్ళు చూడాలి. పళ్ళంటే కొరికే పళ్ళు కావు. మెత్తగా, సన్నగా, కొన తేలి కిందికి వేలాడే పోగులు. జంతికల గొట్టంలోంచి కారప్పూస దిగుతున్నప్పుడు చూస్తాం కదా, అట్లా ఉంటాయి. ఒక్కో పోగు చిటికెన వేలంత పొడవు కూడా పెరుగుతుంది. కొత్తగా వచ్చినప్పుడు పాలలా తెల్లగా ఉంటుంది. ముదిరే కొద్దీ పసుపు పచ్చగా, తర్వాత గోధుమ రంగుగా మారుతుంది. అందుకని రంగును ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

అసలు చిక్కు ఇక్కడుంది. దీనికి ఇద్దరు దాయాదులు ఉన్నారు. వాళ్ళకీ తెల్లని పళ్ళే, వాళ్ళూ పుచ్చిన కర్ర మీదే ఉంటారు. తేడా తెలిసేది ఆకారంలో. గడ్డం పుట్టగొడుగు ఒకే ముద్ద. దానికి కొమ్మలు ఉండవు. ముద్ద నుంచి పొడుగు పళ్ళు జాలువారుతాయి. ఒక దాయాది పగడపు పళ్ళది. అది చెట్టులాగే కొమ్మలు వేస్తుంది. కొమ్మ నుంచి పిల్లకొమ్మ, ప్రతి కొమ్మకూ చిన్న చిన్న పళ్ళు. రెండో దాయాది గోడకు అరలు కొట్టినట్టు ఒకదాని మీద ఒకటి వస్తుంది. పళ్ళు ఆ అరల అడుగున ఉంటాయి. అవీ పొట్టివే. కాబట్టి పళ్ళు కనబడగానే పేరు చెప్పేయకూడదు. ముద్దా, కొమ్మలా, అరలా? అది చూశాకే పేరు చెప్పాలి.

ఈ పళ్ళు ఎందుకు? గొడుగు అడుగున రేకులు చేసే పనే ఇక్కడ పళ్ళు చేస్తాయి. పుట్టగొడుగుకు గింజలు ఉండవు. కంటికి ఆనని పొడి ఉంటుంది. ఆ పొడి పళ్ళ పైన తయారై రాలుతుంది. గాలికి కొట్టుకుపోతుంది. ఒక్క ముద్దకు అన్ని పళ్ళుంటే పొడి తయారయ్యే చోటు పెరుగుతుంది. పొడి సాఫీగా రాలాలంటే పళ్ళు నేల వైపే చూడాలి. అందుకే మొద్దు ఏ వైపు ఒరిగి ఉన్నా పళ్ళు మాత్రం నేల వైపుకే పెరుగుతాయి.

మనకు కనబడేది కాపు మాత్రమే. అసలు జీవి కర్ర లోపల ఉంటుంది. సన్నని తెల్లని దారాలుగా మానులో పాకి, కర్రకు గట్టిదనం ఇచ్చే పదార్థాన్ని కరిగించి తింటుంది. ఆ కర్ర తెల్లబడి మెత్తగా అవుతుంది. లోపల దారాలు ఏళ్ళ తరబడి ఉంటాయి. బయట కాపు మాత్రం కొన్ని వారాలే. ఒక ఏడు కాపు వస్తుంది. మరుసటి ఏడు రాకపోవచ్చు. మళ్ళీ అదే చెట్టుకు వస్తుంది.

అంటే ముసలి చెట్టు ఉంటేనే ఇది ఉంటుంది. లేత తోపులో బతకలేదు. మనకైతే పుచ్చిన మొద్దు కనబడగానే పొయ్యి గుర్తుకొస్తుంది. అందులో తప్పేం లేదు, వంట కావాలి కదా. అక్కడ చాలా చోట్ల సంగతి వేరు. అడవి శుభ్రంగా కనబడాలని కొందరు పడిన మానులు తీసేస్తారు. దారిన పోయేవాళ్ళ మీద పడుతుందని ముసలి చెట్టు కొట్టేస్తారు. భయం నిజమే. కాని కొమ్మ తగ్గించి మాను ఉంచితే సరిపోయే చోట కూడా మొదలంటా నరికేయడం అన్యాయం. మాను పోతే లోపలి దారాలు పోతాయి.

ఇంగ్లాండు దక్షిణాన న్యూ ఫారెస్ట్ అనే అడవి ఉంది. పేరులో కొత్త ఉన్నా అడవి పాతదే. 1079లో విలియం రాజు వేట కోసం దాన్ని కేటాయించాడు. అక్కడ ముసలి బీచ్ చెట్లు మిగిలాయి. వాటితో పాటు ఈ పుట్టగొడుగూ మిగిలింది. బ్రిటన్‌లో 1981లో అడవి జీవుల చట్టం వచ్చింది. తర్వాత ఈ పుట్టగొడుగును కూడా ఆ చట్టంలో చేర్చారు. కావాలని కోసినా, పాడుచేసినా, అడవిలోది తెచ్చి అమ్మినా నేరం.

మరి ఇది తినేదేనా? తినేదే. చైనాలో దీన్ని కోతి తల పుట్టగొడుగు అంటారు. రంపపు పొట్టు సంచుల్లో పెంచి అమ్ముతారు. అట్లా పెంచినదాన్ని కొనుక్కుంటే అడవికి నష్టం లేదు.

కాని ఈ గుర్తులు పట్టుకుని మన అడవిలో చెట్టు మీద దొరికినదాన్ని కూరకు తేవద్దు. ఇక్కడ చెప్పినవి ఇంగ్లాండు అడవుల గుర్తులు. పురుగు తిన్నది మనమూ తినొచ్చంటారు. వెండి నల్లబడకపోతే విషం లేదంటారు. రెండూ అబద్ధాలే. ఇంగ్లాండు అడవుల్లోనే మృత్యుటోపీ అనే పుట్టగొడుగు ఉంది. వండినా దాని విషం పోదు. తిన్న ఆరు గంటల తర్వాత గాని వాంతులు మొదలవవు. ఆ పైన కొంచెం తేరుకున్నట్టు ఉంటుంది. లోపల కాలేయం చెడిపోతూనే ఉంటుంది. తెలియని పుట్టగొడుగు తిని కడుపులో తిప్పితే, తగ్గిందిలే అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మిగిలిన ముక్కను కూడా వెంట తీసుకుపోవాలి.

గడ్డం పుట్టగొడుగు కనబడితే అక్కడివాళ్ళు కోయరు. ఫోటో తీసుకుంటారు. బ్రిటన్‌లో పుట్టగొడుగుల గురించి చదివేవాళ్ళ సంఘం ఒకటి 1896 నుంచి ఉంది. చూసినవాళ్ళు ఇట్లాంటి సంఘాలకు వివరాలు రాసి పంపుతారు. ఏ చెట్టు, బతికుందా, ఎండిందా, ఎంత ఎత్తున ఉంది, ఏ తేదీన చూశారు. మరుసటి ఏడు ఆ కాగితం పట్టుకుని మళ్ళీ అదే చెట్టు దగ్గరికి వెళ్ళి తల ఎత్తి చూస్తారు.