పుస్తకముల వెంట పయనము

పుస్తకము వ్రాసి ముగించుటతో రచయిత పని తీరిపోవునని పలువురు తలంతురు. కలము క్రింద బెట్టి, కీర్తి తనంతట తానే నడచి వచ్చునని ఎదురుచూచుచు కూర్చున్న రచయితలు లేకపోలేదు. వారిలో పెక్కుమంది పుస్తకములు ప్రకాశకుల గిడ్డంగులలో చెదలపాలైనవి. అచ్చయిన పుస్తకమును చదువరి చేతికి చేర్చుట వ్రాయుటకంటె తేలికైన పని కాదు. అందులోను అంగారక గ్రహమును గూర్చియు, రాకెట్లను గూర్చియు కథలల్లువాని పాట్లు మరింత ఎక్కువ. ఇరువదవ శతాబ్ది నడుమ అమెరికాలో అట్టి కథలను పెద్దలు పిల్లల కాలక్షేపముగా మాత్రమే ఎంచుచుండిరి. ఆ చిన్నచూపునకు లొంగక, తన పుస్తకములను తానే వెంటబెట్టుకొని ఊరూర తిరిగినవాడు రే బ్రాడ్‌బరీ. వింత యేమనగా, మనుష్యులను రాకెట్లలో నెక్కించి అంగారకునికి పంపిన ఈ కథకునికి మోటారుకారు నడపుట రాదు. విమాన మెక్కుటన్న భయము.

బ్రాడ్‌బరీ 1920వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన ఇల్లినాయి రాష్ట్రమున, మిచిగన్ సరస్సు ఒడ్డుననున్న వాకీగన్ పట్టణములో జన్మించెను. తండ్రి స్తంభము లెక్కి తీగలు బిగించు పనివాడు. ఆర్థిక మాంద్యపు దినములలో ఆయన పని పోయెను. 1934లో కుటుంబము లాస్ ఏంజలస్ నగరమునకు తరలిపోయెను. 1938లో రే ఉన్నత పాఠశాల చదువు ముగించెను. కళాశాలకు పోవుటకు డబ్బు లేదు. నగరములో ఒక వీధి మలుపున నిలువబడి వార్తాపత్రిక లమ్ముచు అతడు నాలుగేండ్లు గడపెను. తీరిక దొరికినప్పుడెల్ల గ్రంథాలయమునకు పోయెడివాడు. వారమునకు మూడు దినముల చొప్పున పదియేండ్లు ఆ బీరువాల నడుమ చదివితిననియు, తాను పట్టము పుచ్చుకొన్నది అక్కడనే యనియు అతడు తరువాతి కాలమున చెప్పుకొనుచుండెను. దారిన పోవువారి నాపి చేతిలోని సరకు కొనిపించు విద్య మాత్రము ఆ వీధి మలుపుననే అతనికి అబ్బి యుండవలెను.

అతడు పండ్రెండవయేటనే కథలు వ్రాయ మొదలిడెను. 1941లో వేరొక రచయితతో కలిసి వ్రాసిన కథకు మొదటిసారి డబ్బు ముట్టెను. అతని వంతు పదుమూడు డాలర్ల డెబ్బదియైదు సెంట్లు. నాటి వైజ్ఞానిక కథలు ముతక కాగితముపై అచ్చయి, రంగురంగుల అట్టలతో రైలు స్టేషన్ల అంగళ్లలో అమ్ముడుపోవు పత్రికలలో వెలువడుచుండెను. చదివినవారు వాటిని పారవేసెడివారే గాని దాచుకొనెడివారు తక్కువ. అట్టి పత్రికలకు వారమునకొక కథ వంతున వ్రాయుచు బ్రాడ్‌బరీ చేయి తిప్పుకొనెను. 1947లో అతని మొదటి కథల సంపుటము విస్కాన్సిన్‌లోని ఒక చిన్న ప్రచురణ సంస్థ ద్వారా వెలువడినది. మూడు వేలకు కొంచెము మించిన ప్రతులు మాత్రమే అచ్చువేసిరి. ఆ సంవత్సరమే అతడు మార్గరీట్ మెక్లూర్ అను యువతిని వివాహమాడెను. ఆమె అతనికి పరిచయమైనది ఒక పుస్తకముల దుకాణములో. అక్కడ పనిచేయుచుండిన ఆమె, పొడవైన కోటు తొడిగి చేతిసంచితో తిరుగుచున్న ఇతనిని చూచి పుస్తకముల దొంగ యని అనుమానించినదట! పెండ్లియైన తరువాత అతడు ఇంట కూర్చుండి వ్రాయుటకు వీలుగా ఆమెయే ఉద్యోగము చేసినది.

1949వ సంవత్సరము వేసవి. మార్గరీట్ నిండు గర్భిణి కానున్నది. బ్యాంకులో నిలువ అత్యల్పము. పెద్ద ప్రచురణ సంస్థలన్నియు న్యూయార్కులో నున్నవి. బ్రాడ్‌బరీ కథల కాగితములను, టైపు యంత్రమును పట్టుకొని గ్రేహౌండ్ బస్సెక్కెను. నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు కూర్చున్న చోటనే కూర్చుండి ఆ మహాదేశమును ఈ కొననుండి ఆ కొనకు దాటెను. న్యూయార్కులో వై.ఎం.సి.ఏ. వారి వసతిగృహములో చౌకగా బస దొరికినది. ఆ మరునాటి నుండి ప్రకాశకుల గుమ్మములు త్రొక్కుట ప్రారంభమైనది. ఎచటికి పోయినను ఒకటే మాట. చిన్న కథలు ఎవరును కొనరు. నవల యున్నచో తెమ్మనిరి. నవల అతని యొద్ద లేదు.

డబుల్‌డే సంస్థలోని సంపాదకుడు వాల్టర్ బ్రాడ్‌బరీ – ఇంటిపేరొకటే గాని వీరికి బంధుత్వము లేదు – ఒక రాత్రి భోజనమునకు పిలిచి, అంగారక గ్రహముపై వ్రాసిన కథలన్నిటిని ఒక దారమున గ్రుచ్చినచో పుస్తకము కాదా యని అడిగెను. ఆ మాటతో నిద్ర పోయినది. కథకుడు బసకు పోయి ఆ రాత్రియే కథల వరుస, వాటిని కలుపు నడిమి భాగముల వివరము టైపుచేసి, మరునాడు సంపాదకుని బల్లపై నుంచెను. సంపాదకుడు చదివి ఏడువందల యేబది డాలర్ల బయానా ఇచ్చుట కొప్పుకొనెను. అంతటితో ఆగక, మరియొక పుస్తకమునకు సరిపడు కథలు కలవా యని ప్రశ్నించెను. అవియు నుండెను! దానికిని అంతే సొమ్ము. ఇట్లు దాదాపు రిక్తహస్తములతో పోయినవాడు పదునైదు వందల డాలర్ల ఒప్పందముతో మరలెను. ఆ మొదటి పుస్తకమే 1950లో వెలువడిన ‘ది మార్షియన్ క్రానికల్స్’. రెండవది 1951లో వచ్చిన ‘ది ఇలస్ట్రేటెడ్ మాన్’.

పుస్తకము వచ్చినది. కాని పెద్ద పత్రికల సమీక్షకులు దానిని ముట్టుకొందురా? అట్టపై అంగారకుని పేరు చూడగానే ప్రక్కకు నెట్టువారే అధికము. అట్టి సమయమున ఒక దినము లాస్ ఏంజలస్ ప్రాంతములోని పుస్తకముల దుకాణమున బ్రాడ్‌బరీకి క్రిస్టఫర్ ఇషర్వుడ్ కనబడెను. ఇంగ్లండు నుండి వచ్చి కాలిఫోర్నియాలో స్థిరపడిన ఈయన పేరుమోసిన నవలాకారుడు. ఈయన మాటకు పండితులలో విలువ యుండెను. బ్రాడ్‌బరీ క్షణమైన ఆలోచింపలేదు. బీరువాలోని తన పుస్తకమునే ఒకటి తీసి, చేవ్రాలు చేసి, ఆయన చేతిలో నుంచెను. ఇషర్వుడ్ మొగము చిన్నబోయినది. ఇట్లు పుస్తకములు బలవంతముగా చేతబెట్టు యువకులు ఆయనకు క్రొత్త కారు. అది గమనించి బ్రాడ్‌బరీ గుండె నీరైపోయెను. కాని రెండు మూడు దినములు గడచిన పిమ్మట ఇషర్వుడే టెలిఫోనుచేసి ఆ పుస్తకమును మెచ్చుకొనెను. ఒక సాహిత్య పత్రికలో తాను దీర్ఘముగా సమీక్ష వ్రాయుదుననియు చెప్పెను. అన్న ప్రకారము వ్రాసెను. అంతవరకు ముతక కాగితముల పత్రికల కథకుడుగా నున్నవానికి ఆ సమీక్షతో సాహిత్యసభలో ఒక పీట వేసిరి. చొరవ చూపుటకును, సిగ్గు విడచుటకును మధ్య గీత సన్ననిది. బ్రాడ్‌బరీ ఆ దినమున ఆ గీతను దాటెనని చెప్పువారు ఉండవచ్చును. దాటకున్నచో ఆ పుస్తకము గతి యేమయ్యెడిదో ఊహించుట కష్టము కాదు.

ఇంటిలో పసిబిడ్డలు. తండ్రి బల్లయొద్ద కూర్చున్నచో ఆటకు రమ్మని పిలుతురు. అతడు పోవక మానడు. వేరుగా గది అద్దెకు తీసికొనుటకు సొమ్ము లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు గ్రంథాలయమున, నేలక్రింది గదిలో అద్దె టైపు యంత్రము లున్నవని అతనికి తెలిసెను. పది సెంట్ల నాణెము వేసినచో అరగంట కొట్టుకొనవచ్చును; కాలము కాగానే యంత్రము ఆగిపోవును. తొమ్మిది దినములు అక్కడ కూర్చుండి, తొంబది యెనిమిది నాణెములు వేసి, పుస్తకములను తగులబెట్టు ప్రభుత్వమును గూర్చి ఒక పెద్ద కథ వ్రాసెను. ఖర్చు తొమ్మిది డాలర్ల యెనుబది సెంట్లు. పుస్తకదహనమును గూర్చిన ఆ రచన గ్రంథాలయపు అడుగుననే పుట్టుట యాదృచ్ఛికమే యైనను ముచ్చటైన విషయము. 1951లో పత్రికలో వచ్చిన ఆ కథను రెండింతలు పెంచి 1953లో ‘ఫారెన్‌హీట్ 451’ అను పేర నవలగా ప్రకటించిరి. కాగితము ఎంత వేడికి అంటుకొనునని అగ్నిమాపక దళము వారిని టెలిఫోనులో అడిగి అతడు ఆ పేరు పెట్టెను. ఫారెన్‌హీట్ మానమున 451 డిగ్రీలనగా సెంటిగ్రేడున సుమారు 233 డిగ్రీలు. కాగితపు జాతిని బట్టి ఈ అంకె మారుచుండును గాని, పేరు మాత్రము చదువరుల మనస్సున చెరగక నిలిచినది.

ఆ నవలకు బలంటైన్ అను ప్రకాశకులు చేసిన ప్రచారము చిత్రమైనది. రెండువందల ప్రతులకు రాతినారతో, అనగా ఆస్‌బెస్టాస్‌తో, అట్టలు కట్టించిరి. తగులబెట్టు పుస్తకములను గూర్చిన పుస్తకము తాను మాత్రము తగులబడనిదై యుండవలెనని వారి చమత్కారము. బ్రాడ్‌బరీ వాటిపై చేవ్రాళ్లు చేసెను. రాతినార ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని నేడు అందరికిని తెలిసినది. నాడు దాని నొక వేడుక వస్తువుగా చూచిరి.

పేరు పెరిగినకొలది పిలుపులును పెరిగెను. కళాశాలలు, గ్రంథాలయములు, పుస్తకముల దుకాణములు అతనిని ఆహ్వానించుచుండెను. పోవుట యెట్లు? చిన్నతనమున లాస్ ఏంజలస్ వీధిలో ఘోరమైన మోటారు ప్రమాదమును కన్నులార చూచినందున అతడు జీవితాంతము కారు నడుపలేదు. నగరములో సైకిలు, బస్సు, అద్దెకారు. లేకున్న ఎవరైన వచ్చి తీసికొనిపోవలెను. దూరప్రయాణములకు రైలు. ఇతరులు విమానములో అయిదారు గంటలలో చేరుచోటికి ఇతడు రోజుల తరబడి పయనించెడివాడు. 1982లో, అరువదేండ్లు దాటిన పిమ్మటగాని అతడు విమానమెక్కలేదు. ఇంత తిరుగుటలో వ్రాతపని కుంటుపడవలసినదే. సభలకు మరగి కలము మరచిన రచయితలు ఏ దేశమునందైనను కానవత్తురు. బ్రాడ్‌బరీ మాత్రము ప్రతిదినము ఏదో యొకటి వ్రాయుట అను నియమమును విడువలేదు. సభ సాయంకాలమునకు, కథ ఉదయమునకు.

అతని పుస్తకములోని అంగారకునిపై కాలువలు, నగరములు, పీల్చుకొనదగిన గాలి కలవు. 1965లో మారినర్ 4 పంపిన చిత్రములలో గుంటలు తప్ప మరేమియు కనబడలేదు. 1971 నవంబరులో మారినర్ 9 అంగారకుని చుట్టు కక్ష్యలో ప్రవేశించుటకు ముందు, పాసడీనాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో ఒక చర్చ జరిగెను. కార్ల్ సేగన్ మొదలగు శాస్త్రజ్ఞుల సరసన, ఆర్థర్ సి. క్లార్క్‌తో పాటు బ్రాడ్‌బరీయును కూర్చుండెను. తన అంగారకుడు తప్పని తేలినను అతడు సభకు ముఖము చాటు చేయలేదు. కథకుల కలలే పిల్లలను శాస్త్రము వైపునకు మరల్చునని అతని వాదము. ఆ వాదమునకు శాస్త్రజ్ఞులలోను ఒప్పుకొన్నవారు కలరు.

1999లో పక్షవాతము వచ్చి అతడు చక్రముల కుర్చీకి అంటిపోయెను. వ్రేళ్లు సహకరింపకున్నప్పుడు ఆరిజోనాలోనున్న కుమార్తెకు టెలిఫోనులో కథలు చెప్పి వ్రాయించుచుండెను. అయినను పాఠకుల సభలకు పోవుట మానలేదు. అందులో 2009 జూను నెలలో చేసిన ప్రయాణము తన పుస్తకముల కొరకు కాదు. లాస్ ఏంజలస్‌కు వాయవ్యమున నున్న వెంచురా పట్టణములో హెచ్.పి. రైట్ గ్రంథాలయము డబ్బు లేక మూతపడు స్థితికి వచ్చినది. దానిని నిలుపుటకు రెండు లక్షల ఎనుబది వేల డాలర్లు కావలెను. ఎనుబది యెనిమిదేండ్ల వృద్ధుడు చక్రముల కుర్చీలో పోయి, టిక్కెట్టు కొని వచ్చిన జనము నెదుట గ్రంథాలయము తన్నెట్లు పెంచినదో చెప్పెను. జనము విని ఆనందించిరి. డబ్బు చాలలేదు. ఆ సంవత్సరాంతముననే ఆ గ్రంథాలయము మూతపడెను.

యంత్రముల తెరలపై చదువు పుస్తకములన్న అతనికి గిట్టదు. ‘ఫారెన్‌హీట్ 451’ ను అట్లు ప్రకటించుటకు చాల కాలము నిరాకరించెను. 2011లో ఒప్పందము క్రొత్తగా వ్రాసికొనవలసి వచ్చినప్పుడు ప్రకాశకులు పట్టుబట్టిరి. అతడు చివరకు తలయొగ్గెను గాని ఒక షరతు పెట్టెను. గ్రంథాలయ సభ్యులు ఆ ప్రతిని ఉచితముగా దించుకొని చదువుటకు వీలుండవలెను. ప్రకాశకులు అందుల కంగీకరించిరి.

2012 జూను 5వ తేదీన బ్రాడ్‌బరీ మరణించెను. రెండు నెలల పిమ్మట క్యూరియాసిటీ అను యంత్రశకటము అంగారకునిపై దిగెను. అది దిగిన చోటికి, అతని పుట్టినరోజైన ఆగస్టు 22వ తేదీన, అమెరికా అంతరిక్ష సంస్థ బ్రాడ్‌బరీ పేరు పెట్టెను. అతడు ఇంట కూర్చుకొన్న సొంత పుస్తకములు మాత్రము, అతని కోరిక ప్రకారము, తాను బాల్యమున చదువుకొన్న వాకీగన్ ఊరి గ్రంథాలయమునకు చేరినవి.