గాలి వేరు, నీరు వేరు

కేటీ, టెక్సాస్

బుజ్జీ,

ఇల్లు ఖాయమైందనీ, వచ్చే నెల్లో క్లోజింగ్, అంటే ఇల్లు మీ పేరు మీదికి మారడం, అనీ మీ అమ్మ చెప్పింది. గృహప్రవేశానికి ముహూర్తం కూడా పెట్టించారట. చాలా సంతోషం తల్లీ. నువ్వు పంపిన ఇన్సూరెన్స్ కోట్ రాత్రి కూర్చుని చదివాను. ఫోన్లో చెప్తే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

మన దివిసీమ వాళ్లకి గాలివాన అన్నది ఒకటే మాట. 1977 నవంబర్ 19న ఊరిని తుడిచిపెట్టింది గాలా, వానా, సముద్రమా అని మీ అమ్మమ్మ ఏనాడూ విడదీసి చెప్పలేదు. అన్నీ కలిసే మీద పడ్డాయి. ఇక్కడి ఇన్సూరెన్స్ కాగితం మాత్రం ఆ మాటని రెండు ముక్కలు చేస్తుంది. గాలి చేసిన నష్టానికి హోమ్ ఇన్సూరెన్స్ డబ్బిస్తుంది. నేల మీద నుంచి పెరిగి ఇంట్లోకి వచ్చిన నీటికి ఇవ్వదు. గాలికి రూఫ్ మీద షింగిల్స్ లేచిపోయి, ఆ సందులోంచి వాన కారి సీలింగ్ పాడైతే అది గాలి నష్టం. అదే వాన వీధిలో నిండి గుమ్మం దాటితే వరద. నీళ్లు ఒకటే, వచ్చిన దారిని బట్టి లెక్క మారిపోతుంది.

నాకీ సంగతి 2017లో తెలిసింది. ఆగస్టు 25 రాత్రి హార్వీ తుపాను రాక్‌పోర్ట్ దగ్గర తీరం దాటింది. మా ఇంటి మీద ఒక్క షింగిల్ కదల్లేదు. గండం గడిచిందనుకున్నాం. ఆ తర్వాత రోజుల తరబడి వాన. బార్కర్ రిజర్వాయర్ నిండి, నీళ్లు వెనక్కి తన్ని మా వీధిలోకొచ్చాయి. వరద మ్యాపులో మాది ప్రమాద ప్రాంతం కాదు, అందుకని బ్యాంకు ఫ్లడ్ ఇన్సూరెన్స్ అడగలేదు. అడగలేదు కాబట్టి అక్కర్లేదనుకున్నాను. ఇంట్లో మోకాటి లోతు నీళ్లు నిలిచాయి. ఏళ్ల తరబడి కట్టిన హోమ్ పాలసీ నుంచి ఒక్క డాలరు రాలేదు. వరదకి వర్తించదని అందులో స్పష్టంగానే ఉంది, నేనే చదవలేదు. తడిసిన షీట్‌రాక్ గోడల్ని నాలుగడుగుల ఎత్తు దాకా కోసి రోడ్డు పక్కన కుప్ప పోశాం. మీ అత్తయ్య పెళ్లి పట్టుచీరలు ఆ కుప్పలోనే పోయాయి. ఇప్పటికీ ఆ మాట వస్తే ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోతుంది.

అందుకే నీ కోట్‌లో "ఫ్లడ్ ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు" అన్న వాక్యం చూసి నిద్ర పట్టలేదు. బ్యాంకు చూసుకునేది దాని అప్పు సంగతి. ఫెడరల్ ప్రభుత్వ ఫ్లడ్ ఇన్సూరెన్స్ పథకంలో ఇంటికి గరిష్ఠంగా 2,50,000 డాలర్లు, సామాన్లకి 1,00,000 డాలర్ల దాకా తీసుకోవచ్చు. సామాన్లకి విడిగా అడిగి తీసుకోవాలి. బాగుచేసేదాకా వేరేచోట అద్దెకి ఉంటే ఆ ఖర్చు ఈ పాలసీ ఇవ్వదు, అది నీ దగ్గర ఉంచుకోవాలి. మామూలుగా పాలసీ కొన్నాక 30 రోజులకిగానీ అమల్లోకి రాదు. తుపాను గల్ఫ్‌లోకి వచ్చాక ఫోన్ చేసి లాభం లేదు. అయితే ఇంటి లోనుతో కలిపి, క్లోజింగ్ నాటికే తీసుకుంటే ఆ 30 రోజులు ఆగక్కర్లేదు. నీకా అవకాశం ఇప్పుడుంది.

ఇక డిడక్టిబుల్, అంటే నష్టంలో ముందుగా మనమే పెట్టుకోవాల్సిన మొత్తం. గాలికీ వడగళ్లకీ 2 శాతం అని రాశారు. నష్టంలో రెండు శాతమేగా అనుకున్నావేమో. కాదమ్మా, ఇంటికి రాసిన మొత్తంలో రెండు శాతం. మీ ఇంటికి 4,00,000 డాలర్లు రాశారు కాబట్టి మొదటి 8,000 నీ చేతి నుంచే పోతుంది. వడగళ్లకి 11,000 నష్టమైతే వచ్చేది 3,000. డిడక్టిబుల్ ఒక శాతానికి తగ్గిస్తే ప్రీమియం ఎంత పెరుగుతుందో అడుగు. భరించగలిగితే అదే తీసుకోమంటాను. లేదంటే ఆ 8,000 బ్యాంకులో విడిగా ఉంచు. కొన్న ధర కన్నా 4,00,000 తక్కువేంటని అడిగావు. ఇన్సూరెన్స్ మళ్లీ కట్టడానికయ్యే ఖర్చుకి, స్థలం ధర అందులో కలవదు.

ఆ ఇంటి రూఫ్ పాతది. దానికి "రీప్లేస్‌మెంట్ కాస్ట్" ఉందా, "యాక్చువల్ క్యాష్ వాల్యూ" ఉందా చూడు. రెండోదైతే పాతబడిన మేరకు విలువ తగ్గించి ఇస్తారు. మొదటిదైనా సాధారణంగా ముందు కొంతే ఇచ్చి, పని పూర్తయి రసీదులు చూపించాక మిగతాది ఇస్తారు.

వడగళ్లు పడ్డ మర్నాడే రూఫింగ్ వాళ్లు తలుపు తడతారు. "మీ డిడక్టిబుల్ మేం చూసుకుంటాం" అన్నవాణ్ణి లోపలికి రానీయకు. టెక్సాస్‌లో అది చట్టవిరుద్ధం.

పాలు పొంగించకముందే, ఖాళీ ఇంట్లో గది గదికీ వీడియో తియ్యి. సామాను సర్దాక మరోసారి తియ్యి. గాలికి రూఫ్ చిల్లుపడితే, నష్టం లెక్కగట్టే అడ్జస్టర్ వచ్చేదాకా చూస్తూ కూర్చోకూడదు, ముందు టార్పాలిన్ కప్పించి రసీదు దాచాలి. ఇంకా పాడవకుండా కాపాడుకోవాల్సిన బాధ్యత నీదేనని పాలసీలో ఉంటుంది. పక్కింటి చెట్టు మీ గరాజ్ మీద పడ్డా మామూలుగా అడగాల్సింది నీ పాలసీనే, పక్కవాళ్లతో గొడవ పెట్టుకోకు. కంపెనీ జవాబివ్వకుండా నాన్చితే టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కి ఫిర్యాదు చెయ్యి, దానికి డబ్బు కట్టక్కర్లేదు.

జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుపానుల కాలం. క్లోజింగ్ అయ్యేలోపు ఏజెంట్‌కి ఫోన్ చేసి ఫ్లడ్ పాలసీ, సామాన్లతో సహా, రాయించు. రెండు పాలసీల డిక్లరేషన్ పేజీలూ వచ్చాక నాకు పంపు, అక్షరం అక్షరం చదివి చెప్తాను.

ఇట్లు,
మీ మామయ్య