ఫాల్గుణపు గాలి

ప్రవేశిక: వసంతం అనగానే మామిడి చిగురు, కోకిల కూజితం, మలయమారుతం మన మనస్సులో మెదలుతాయి. అదే కాలం అగ్నికి కూడా అదను అన్న సంగతి అంతగా స్ఫురించదు. కోనసీమను ఆధారం చేసుకొని ఆ సంగతిని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

మన ప్రబంధకవులకు వసంతం శృంగారానికి ఉద్దీపకం. విరబూసిన మోదుగుచెట్టును చూసి అగ్నిజ్వాలలు గుర్తు చేసుకున్నా, అది వారికి అలంకారమే గాని ఆపద కాదు. అసలైన దవానలం వారి కావ్యాలలో గ్రీష్మవర్ణనకు చెందిన వస్తువు. కాళిదాసు ఋతుసంహారంలో గ్రీష్మసర్గలోనే అడవి తగలబడుతుంది. గోదావరీ తీరాన రాజమహేంద్రవరంలో కూర్చుండి నన్నయ తెనిగించిన ఆదిపర్వం చివర ఖాండవదహనం ఉంది. అయితే అది అగ్నిదేవుడు కోరి రగిల్చిన మంట. కోనసీమ కర్షకుడి అనుభవం వేరు. అగ్నిభయం గ్రీష్మం దాకా ఆగదనీ, ఫాల్గుణంలోనే గడప తొక్కుతుందనీ అతనికి తెలుసు.

ఇందుకు కారణం వాతావరణంలోనే ఉంది. గౌతమీ వసిష్ఠా శాఖల నడుమ, సముద్రాన్ని ఆనుకొని ఉన్న ఈ సీమలో ఈశాన్య ఋతుపవనాల వానలు డిసెంబరు నాటికి దాదాపు ముగుస్తాయి. పుష్య మాఘ మాసాలలో వానలు లేకపోయినా, రాత్రి కురిసే మంచు గడ్డినీ ఆకునూ బారెడు పొద్దెక్కేదాకా తడిగా ఉంచుతుంది. శివరాత్రితో చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దలు అంటారు. చలితోపాటు ఆ మంచూ పోతుంది. ఎండ ముదరకపోయినా ఎండినది మరింత ఎండుతుంది. ఆ పైన గాలి తిరుగుతుంది. పడమటి గాలి వీచిన రోజున గాలిలోని తేమ ఇగిరిపోతుంది. మధ్యాహ్నం సముద్రం మీదినుంచి వచ్చే గాలిలో తేమ ఉన్నా, దాని వేగం నిప్పురవ్వను ఇంటినుంచి ఇంటికి మోయడానికి చాలు.

కోనసీమ అంతా పచ్చదనమే కదా, ఇక్కడ గడ్డిమంటలేమిటి అని విద్యార్థులు అడగవచ్చు. కాలువ గట్టు మీద నిలబడి చూసినవారు అలాగే అనుకుంటారు. కాని కొత్తపేట వైపు గౌతమీ లంకలలోకో, రాజోలు వైపు వసిష్ఠ లంకలలోకో పడవ దాటి వెళ్లి చూడండి. శరత్తులో తెల్లని పూలతో నదికి వింజామర వీచే రెల్లు, ఫాల్గుణం నాటికి నిలువెత్తున ఎండి, గాలికి గలగలలాడుతూ ఉంటుంది. పశువుల కాపరి పారవేసిన చుట్టముక్క ఒక్కటి చాలు. మంట గాలివాలున పరుగెత్తుతుంది. రెల్లుకు దానివల్ల నష్టం లేదు. వేరు నేలలో భద్రంగా ఉండి, నాలుగు చినుకులు పడగానే మళ్లీ మొలుస్తుంది. నష్టమంతా పక్కనున్న అరటితోటకు, కూరగాయల పాదులకు, కాపలా పాకకు.

ఈ స్థితి మనకు మాత్రమే ప్రత్యేకం కాదు. ఉత్తర అమెరికాలోని విశాలమైన ఉత్తర మైదానాలలో మంచు కరిగిన వెంటనే కిందటి ఏటి ఎండుగడ్డి బయటపడుతుంది. కొత్త పచ్చిక మొలిచేవరకు ఉండే ఆ కొద్ది వారాలే అక్కడ అపాయకాలం. దక్షిణాన టెక్సస్ రాష్ట్రంలో 2024 ఫిబ్రవరి చివర రేగిన ఒక్క మంట పది లక్షల ఎకరాలకు పైగా గడ్డినేలను దహించింది. పరిమాణంలో పోలిక లేకపోయినా సూత్రం ఒక్కటే: ఎండిన గడ్డి, పొడిగాలి, ఒక రవ్వ.

మనకు ఈ మూడూ పెరట్లోనే సమకూరుతాయి. సార్వా పంట నూర్చిన తరువాత గడ్డిని మేటు వేస్తారు. ఏడాది పొడుగునా పశువులకు అదే ఆధారం. మేటు పక్కన పశువులపాక, పాకకు తాటాకు కప్పు, కప్పుపై వాలిన కొబ్బరిచెట్టు, చెట్టు కింద ఎండుమట్టలు, డొక్కలు. సరిగా ఆరని గడ్డిని మేటు వేస్తే లోపల సూక్ష్మజీవుల వల్ల వేడి పుట్టి, ఎవరూ నిప్పు పెట్టకుండానే రాజుకోవచ్చు. మేటు అంటుకుంటే పైన నీళ్లు పోసి లాభం లేదు. నీరు పైపైనే జారిపోతుంది, నిప్పు కడుపులో దాగి ఉంటుంది. గడ్డిని పీకి, నేలమీద పరచి, తడపవలసిందే. ఇందులో విచారకరమైన విషయం మరొకటి. దాళ్వా చివరి రోజుల్లో మరమ్మతుల కోసం కాలువలు కట్టివేస్తారు. నీటి అవసరం అధికమైనప్పుడే బోదెలు ఎండి ఉంటాయి.

మా చిన్నతనంలో తాటాకు ఇళ్లున్న పేటలలో ఈ నెలలు రాగానే పొద్దెక్కకముందే వంట ముగించి, పొయ్యిలో నీళ్లు చల్లేవారు. చూరు కింద నిండు కడవలు, చివర ఇనుపకొక్కెం కట్టిన వెదురుగడ సిద్ధంగా ఉండేవి. కప్పును లాగివేస్తే మంటకు దారి తెగుతుంది. దీన్ని ముసలివాళ్ల చాదస్తమని నవ్విన చదువుకున్నవారిని నేనెరుగుదును. 2016 ఏప్రిల్‌లో బీహారు ప్రభుత్వం గ్రామాలలో ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు వరకు పొయ్యి వెలిగించవద్దని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, ఆ చాదస్తమే నాకు గుర్తుకు వచ్చింది.

నేడు తాటాకు ఇళ్లు తగ్గాయి. వాటి స్థానంలో డాబాలు వెలిశాయి. కాని కొబ్బరితోటల మీదుగా సాగిన విద్యుత్తు తీగలు, వాటిపై రాలే మట్టలు, ఎండలో ఆరబోసిన పీచు కుప్పలు కొత్త కారణాలు. భూగర్భంలోని సహజవాయువు సంగతి వేరే చెప్పాలి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో రేగిన మంట అరవై రోజులకు పైగా ఆరలేదు. మార్చి మధ్యలో గాని అదుపులోకి రాలేదు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గొట్టపుమార్గం పేలి ఇరవై మందికి పైగా మరణించారు. అవి కడవ నీళ్లతో ఆరే మంటలు కావు.

కడవ నీళ్లతో ఆర్పిన మంటను ఒకదాన్ని నేను చూశాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. హోలీపున్నమి దాటిన రెండో రోజు మధ్యాహ్నం ఎవరో పొయ్యిలోని బూడిదను చల్లారిందనుకొని పెంటకుప్ప మీద పోశారు. గాలి దాన్ని విప్పింది. రవ్వ పక్కింటి మేటు మీద పడింది. ఆ ఇంటి ఇల్లాలు మొదట దొడ్లోకి పరుగెత్తి గేదె పలుపు కోసింది. "ట్రంకుపెట్టె తీసుకురావే, అమ్మాయి పెళ్లిబట్టలున్నాయి కదే!" అని అత్తగారు వాకిట నిలబడి కేకలు వేస్తూనే ఉంది. పెట్టె దక్కలేదు. ఊరివారు వరుసగా నిలబడి చెరువునుంచి కడవలు అందించారు. కుర్రవాళ్లు పచ్చి కొబ్బరిమట్టలతో మంటను బాదారు. మూడు ఇళ్లు పోయాయి, మనుషులు దక్కారు. మేటు మాత్రం మర్నాటి వరకు పొగ చిమ్ముతూనే ఉంది.

గడ్డి లేక గేదెను అమ్మక తప్పదని ఆ రాత్రి ఆ ఇంటి యజమాని మా నాన్నగారితో అన్నాడు. తెల్లవారేసరికి వాళ్ల కాలిన దొడ్లో మూడు మోపుల గడ్డి పడి ఉంది. ఎవరు వేశారో ఎవరూ చెప్పలేదు. సాయంత్రానికి ఇంటికొక మోపు చొప్పున వీథివారంతా తెచ్చి వేశారు. మా ఇంటి మోపును నేనే నెత్తిన పెట్టుకొని వెళ్లాను. గేదె అప్పటికే మేస్తూ ఉంది.

అభ్యాసం

1. వసంతం పట్ల ప్రబంధకవుల దృష్టికీ, కర్షకుడి అనుభవానికీ గల భేదాన్ని వివరించండి.
2. గడ్డిమేటు అంటుకున్నప్పుడు పైన నీరు పోస్తే ఎందుకు ఫలితం ఉండదు?
3. "గేదె పలుపు కోసింది" – ఆ ఇల్లాలు పెట్టెను కాక గేదెను ఎందుకు ఎంచుకుంది? మీ అభిప్రాయం రాయండి.
4. దవానలం, వసంతాగమనం – పదాలను విడదీసి, సంధి పేరు తెలపండి.